కటౌట్ వెనక్కి వెళ్లి చూసే శిల్పం: బరంపురంలో చవితికి కడదామనుకుంటున్నాను, సలహాలు కావాలి

మట్టిచేతులు · బరంపురం

అందరికీ నమస్కారం. శిల్పకళ చదువుకుని ఈమధ్యే ఊరికి తిరిగొచ్చాను. మా వీధి చవితి కమిటీ వాళ్లు ఈసారి పందిరి పక్క ఖాళీ జాగాలో ఏదైనా కొత్తగా చెయ్యమన్నారు. ఏటా సినిమా సెట్టింగులే పెడుతున్నాం. బాహుబలి వచ్చాక ఎక్కడ చూసినా మాహిష్మతి కోటలే కదా. 2017లో కోల్‌కతా శ్రీభూమి క్లబ్బు వాళ్లు దుర్గాపూజకు కూడా అదే కట్టారు. 2022లో వినాయకుడు పుష్ప గెటప్పులో కూర్చున్నాడు. వీటి మీద నాకు చులకన లేదు. జనం ఇప్పటికే ప్రేమిస్తున్న బొమ్మ దగ్గరే మొదలుపెట్టాలని నా కోరిక కూడా. కానీ మరో సెట్టింగు వెయ్యాలని లేదు.

నా ఆలోచన ఇది. ఇరవై అడుగుల హీరో కటౌట్ ఒకటి నిలబెడతాను. దాని వెనక్కి నడిచి వెళ్లేలా దారి వేస్తాను. వెనక సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్లు, వాటి ముడులు, మేకులు, ఇసుక బస్తాలు ఉంటాయి. ముందు నుంచి చూసి చప్పట్లు కొట్టే మనిషి వెనక్కి వచ్చి ఆ కట్టు మధ్య నిలబడాలి. అసలు శిల్పం ఆ వెనక వైపే అని నా నమ్మకం.

ముఖం ఎవరిది పెట్టాలో తేలడం లేదు. గాలికి ఎలా నిలబెట్టాలో తెలీదు. అసలు చూసినవాళ్లకు ఇది శిల్పంలా అనిపిస్తుందా అన్నది ఇంకా పెద్ద టెన్షన్. మీకు తోచింది చెప్పండి.

చిలికాగాలి · ఛత్రపురం

తల్లీ, నిరుత్సాహపరచాలని కాదు. రాయి చెక్కితే శిల్పం, మట్టి మలిస్తే శిల్పం. కర్రలకు తాళ్లు కట్టడం పందిళ్లవాళ్లు రోజూ చేసే పని. దానికి శిల్పమని పేరు పెడితే, ఏళ్ల తరబడి ఉలి పట్టినవాళ్ల పనికి విలువ తగ్గదా? నాకు ఈ విషయం నిజంగా తెలుసుకోవాలని ఉంది. కోపంతో అడగడం లేదు.

రెండోబెంచి · రాయగడ

చిలికాగాలి గారి ప్రశ్న న్యాయమైనది. నేను బడిలో డ్రాయింగ్ చెబుతాను, పిల్లలూ ఇదే అడుగుతారు.

1964లో న్యూయార్క్‌లో ఆండీ వార్హోల్ ప్లైవుడ్ పెట్టెలు చేయించి, వాటి మీద బ్రిల్లో అనే గిన్నెలు తోమే సబ్బుపీచు కంపెనీ బొమ్మ అచ్చు వేసి, గ్యాలరీలో గోదాములో పేర్చినట్టు పేర్చాడు. కిరాణా కొట్లో ఉన్నదానికీ దీనికీ కంటికి తేడా దాదాపు లేదు. అప్పుడు కొట్లో పెట్టె ఎందుకు కళ కాదు, ఇక్కడిది ఎందుకు కళ అని ఆర్థర్ డాంటో అనే తత్వవేత్త ఏళ్లపాటు ఆలోచించి రాశాడు. ఆ ప్రశ్న పుట్టించగలగడమే ఆ పెట్టెల పని.

అంతకు రెండేళ్ల ముందే క్లేస్ ఓల్డెన్‌బర్గ్ మంచమంత హాంబర్గర్‌ను కాన్వాసుతో కుట్టి, లోపల ఫోమూ అట్టపెట్టెలూ కూరి నేల మీద పెట్టాడు. శిల్పమంటే గట్టిగా ఉండాలన్న లెక్క అక్కడ తప్పింది. తర్వాత ఆయనే 1976లో ఫిలడెల్ఫియాలో 45 అడుగుల బట్టల క్లిప్పును ఉక్కుతో నిలబెట్టాడు. జెఫ్ కూన్స్ దారి ఇంకొకటి. పుట్టినరోజు పార్టీల్లో బెలూన్లు మెలిపెట్టి చేసే కుక్కపిల్లను పది అడుగుల ఎత్తున, అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలులో చేయించాడు. సాయంత్రానికి గాలి పోయే వస్తువు ఎప్పటికీ గాలి పోనిదైపోయింది. 2013లో నారింజ రంగుది 5.84 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఆ ధర సంగతి పక్కన పెట్టండి, నాకు ముఖ్యమైంది ఆ పదార్థం మార్పు.

వీళ్లందరూ అందరికీ తెలిసిన వస్తువునే తీసుకున్నారు. దాని సైజునో, పదార్థాన్నో, మనం నిలబడే చోటునో మార్చారు. ఈ అమ్మాయి మార్చాలనుకుంటున్నది మూడోది. ఇన్‌స్టలేషన్ అంటారే, అందులో చూసేవాడి నడక కూడా పనిలో భాగమే. కాబట్టి నా మటుకు ఇది శిల్పమే. అయితే ఒక షరతు. ఆ వెనక వైపు మామూలు పందిరి వెనకలా ఉండకూడదు. ప్రతి ముడి చూసి కట్టినట్టు ఉండాలి.

కనకాంబరం · గుణుపురం

రెండోబెంచి గారూ, అమెరికా దాకా ఎందుకు? మన మనిషే ఉన్నారు. జి. రవీందర్ రెడ్డి గారు 1956లో సూర్యాపేటలో పుట్టారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో చాలా ఏళ్లు శిల్పకళ చెప్పారు. ఫైబర్‌గ్లాసుతో మనిషి కన్నా ఎత్తైన ఆడవాళ్ల తలలు చేశారు. బంగారు రంగు, పెద్దగా తెరిచిన కళ్లు, ఎర్రని పెదవులు, కొప్పులో పూల చెండ్లు. సంతలో, బస్టాండులో మన పక్కన కూర్చునే మనిషే, గుళ్లో దేవతలా కన్నార్పకుండా చూస్తుంది. ఆ రంగులు చూసి నాటు అని మొహం తిప్పుకునేవాళ్లకు ఆ తల ముందు నిలబడితే మాట రాదు.

బీహార్‌లో పుట్టిన సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలు, క్యానులు, పళ్లాలతో 2006లో పెద్ద పుర్రె చేశారు, 2008లో అణుబాంబు పొగమేఘం చేశారు. మన వంటింటి గోడకుండే స్టాండులోని సామానే అది.

మట్టిచేతులు గారూ, నాకు మీ ఆలోచన చాలా నచ్చింది. ముఖానికి ఒక సలహా. హీరో రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉంటే?

మట్టిచేతులు · బరంపురం

కనకాంబరం గారూ, ఆ భంగిమ కాస్ పేరుతో పనిచేసే అమెరికన్ కళాకారుడిది. ఆయన కంపానియన్ బొమ్మ 2010 నుంచే అలా ముఖం కప్పుకుని కూర్చుంటోంది. మిక్కీ మౌస్ గ్లవ్స్, కళ్ల చోట ఇంటూ గుర్తులు. 1999లో చిన్న ఆటబొమ్మగా మొదలై, 2019లో హాంకాంగ్ నీళ్ల మీద 37 మీటర్ల గాలిబొమ్మగా తేలింది. నేను చేస్తే ఆయనది చూసి చేసినట్టే ఉంటుంది. పైగా మన హీరో ముఖం దాచుకోడు. తొడ కొడతాడు.

పాతబ్రష్షు · పర్లాకిమిడి

అమ్మాయ్, నేను ఈ ఫోరంలో చదవడమే గానీ రాయను. కటౌట్ అన్నావు కాబట్టి రాస్తున్నాను.

ఫ్లెక్సు రాకముందు కటౌట్లు గీసినవాణ్ణి. మీకు ఇప్పుడు కటౌట్ అంటే ప్రింటు. మాకు అది ప్లైవుడ్డు. సినిమావాళ్లు ఇచ్చిన స్టిల్ మీద పెన్సిలుతో చిన్న గళ్లు, ప్లై మీద సుద్దతాడుతో పెద్ద గళ్లు కొట్టుకునేవాళ్లం. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించాలి. దగ్గర నుంచి గీస్తుంటే ముక్కు ఎక్కడుందో తెలీదు, యాభై అడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని మళ్లీ రావాలి. బట్టలు, బూట్లు కుర్రాళ్లు వేసేవాళ్లు. ముఖం మాత్రం మేస్త్రీదే. చెంప మీద గులాబీ రంగు, నీడలో నీలం కొట్టేవాళ్లం. దగ్గరకొచ్చి చూస్తే మనిషికి నీలం ఏమిటి అంటారు, రోడ్డు అవతల నుంచి చూస్తే బతికొచ్చినట్టుంటాడు. ఎత్తు మీద పెట్టే తల కొంచెం పొడుగ్గా గీయాలి, లేకపోతే కింద నుంచి చూసేవాడికి నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. తల పలక ఆఖర్న ఎక్కిస్తాం. అది ఎక్కినప్పుడు కింద ఈలలు మొదలయ్యేవి.

ఫ్లెక్సు వచ్చింది, పని పోయింది. తర్వాత చాలామందిమి ఇళ్లకు సున్నాలు వేసుకున్నాం.

ఇప్పుడు నువ్వు వెనక వైపు చూపిస్తానంటున్నావు. సంతోషం. కానీ ముఖం తీసేస్తే ఒప్పుకోను. జనం వచ్చేది ఆ ముఖం కోసం. దాన్ని చిన్నబుచ్చి, మా కష్టం చూడండి అంటే ఎవరూ చూడరు. ఆ ముఖం బాగుంటేనే వెనక్కి వెళ్లి ఎవరు గీశారో అడుగుతారు.

చిలికాగాలి · ఛత్రపురం

పాతబ్రష్షు గారూ, తల పొడుగ్గా గీయడం గుడి గోపురాల మీద బొమ్మలు చేసేవాళ్లూ పాటించే పద్ధతే. ఎత్తులో ఉండే విగ్రహానికి కొలతలు మార్చాలి. మీరు చెప్పింది చదివాక నా ప్రశ్న సగం తీరిపోయింది.

లోడులెక్క · బరంపురం

నేను సివిల్ ఇంజనీరుని. కళ గురించి మాట్లాడను, నిలబడటం గురించి చెబుతాను.

గాలి ఒత్తిడి దాని వేగానికి వర్గంలో పెరుగుతుంది. మన దేశంలో కట్టడాల మీద భారాలు లెక్కగట్టే ఐఎస్ 875 అనే ప్రమాణం మూడో భాగం ప్రకారం, సెకనుకు ఎన్ని మీటర్లో ఆ అంకెను వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 20 మీటర్లు. అంటే చదరపు మీటరుకు 240 న్యూటన్లు, దాదాపు 24 కిలోల బరువు. మీ కటౌట్ ఆరు మీటర్ల ఎత్తు, సగటున 2.4 మీటర్ల వెడల్పు అనుకుంటే 14 చదరపు మీటర్ల పైమాటే. అంటే దాదాపు 350 కిలోల బరువుతో అడ్డంగా తోస్తుంది. పలకలాంటి ఆకారానికి ఇంకొంత కలుపుకోవాలి. వేగం రెట్టింపైతే ఈ భారం నాలుగింతలవుతుంది.

చవితి వచ్చేది అల్పపీడనాల రోజుల్లో. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచేసింది. అది అక్టోబరు సంగతి అనకండి, ఆగస్టు ఈదురుగాలికి పందిళ్లు లేవడం మనం చూస్తూనే ఉన్నాం. జపాన్‌లో నవోషిమా దీవి ఒడ్డున 1994 నుంచి ఉన్న యాయోయి కుసామా పసుపు గుమ్మడికాయ శిల్పం కూడా 2021 ఆగస్టు తుఫానుకు సముద్రంలోకి కొట్టుకుపోయింది. మళ్లీ కొత్తది చేసి 2022లో పెట్టారు.

అందుకే ముందుకీ వెనక్కీ రెండు వైపులా స్టే తాళ్లు, అంటే ఏటవాలుగా నేలకు లాగి కట్టే తాళ్లు ఉండాలి. ఒక వైపే కట్టి ఊరుకుంటే గాలి తిరిగినప్పుడు పడిపోతుంది. కర్రలు కనీసం మూడడుగులు పాతాలి. జనం వెనక నడుస్తారంటున్నారు కాబట్టి స్టే తాళ్లకు తెల్ల గుడ్డలు కట్టండి, చీకట్లో కాళ్లకు తగులుతాయి. గాలి ఎక్కువైతే నిమిషాల్లో కిందికి దించేసేలా ఫ్లెక్సును తాడుతో అల్లండి, మేకులతో కొట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు తీగ. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లాలో పవన్ కల్యాణ్ పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు కుర్రాళ్లు కరెంటు షాక్‌తో చనిపోయారు. 2024 జనవరిలో కర్ణాటక గదగ్ జిల్లాలో యశ్ పుట్టినరోజు కటౌట్ నిలబెడుతూ ఇంకో ముగ్గురు పోయారు. స్థలం పైన తీగ ఉంటే ఈ ఆలోచన మానేయండి, లేదా స్థలం మార్చండి. దీనిలో బేరం లేదు.

కనకాంబరం · గుణుపురం

ఆ ఆరుగురి సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కటౌట్ వెనక ఉండేది వాళ్లే కదా.

మట్టిచేతులు · బరంపురం

అవును. నేను ఇన్నాళ్లూ వెనక వైపు అంటే కర్రలూ ముడులూ అనే ఆలోచించాను. లోడులెక్క గారి పోస్టు తర్వాత అది మనుషుల చోటు అయింది. తెల్లవారుజామున ఎక్కి కట్టే కుర్రాడు, గీసిన మేస్త్రీ, కింద నిచ్చెన పట్టుకునేవాడు. ముందు నుంచి చూస్తే ఎవరూ కనిపించరు.

స్థలం చూసొచ్చాను. పైన తీగ లేదు, పక్క వీధిలో ఉంది. కమిటీ పెద్దాయనతో మాట్లాడి ఇంకా లోపలికి జరిపిస్తాను.

పాతబ్రష్షు బాబాయ్ గారూ, మీ మాట తీసిపారేయను. మీరు చెప్పిన నీలం నీడ గురించే నిన్నంతా ఆలోచిస్తున్నాను. కానీ ఒక హీరో ముఖం పెడితే మా వీధిలో సగం మంది ఇటు, సగం మంది అటు. పక్క వీధి ఒడియా కుర్రాళ్లకు వాళ్ల హీరోలున్నారు. శిల్పం చూడటం మానేసి దాని గురించే కొట్లాడుకుంటారు.

నల్లకోటు · జయపురం

ముఖం గురించి నా వృత్తి వైపు నుంచి ఒక మాట. హీరోల పేరు, పోలిక అనుమతి లేకుండా వాడటం మీద ఇప్పుడు కోర్టులు గట్టిగా ఉంటున్నాయి. 2015లో రజనీకాంత్‌కు మద్రాసు హైకోర్టులో, 2023లో అనిల్ కపూర్‌కు ఢిల్లీ హైకోర్టులో అనుకూలంగా ఉత్తర్వులొచ్చాయి. మైసూరులో ఒక మైనపు మ్యూజియం బాహుబలి బొమ్మ పెడితే 2023లో నిర్మాతలు అనుమతి లేదని అభ్యంతరం చెప్పారు. వీధి చవితి మీద ఎవరూ కేసు వెయ్యరు, నిజమే. కానీ రేపు మీ పని ఏ గ్యాలరీకో వెళ్తే అప్పుడు లెక్క మారుతుంది.

రెండోబెంచి గారు చెప్పిన కూన్స్‌నే తీసుకోండి. ఒక ఫొటోగ్రాఫర్ తీసిన నలుపు తెలుపు ఫొటోలో భార్యాభర్తలు ఎనిమిది కుక్కపిల్లల్ని ఎత్తుకుని కూర్చుంటారు. ఆ ఫొటో పోస్టుకార్డు చూసి కూన్స్ 1988లో రంగుల శిల్పం చేయించాడు. సమాజం మీద వ్యాఖ్య అని వాదించాడు. 1992లో అమెరికా అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఫొటో మీద వ్యాఖ్య కానప్పుడు ఆ ఫొటోనే ఎందుకు తీసుకున్నావని అడిగింది. మీకూ అదే ప్రశ్న వర్తిస్తుంది. మీరు మాట్లాడాలనుకుంటున్నది ఫలానా హీరో గురించి కాదు, కటౌట్ అనే అలవాటు గురించి. అలాంటప్పుడు ఫలానా ముఖం మీకు అవసరం లేదు.

ఇంకొకటి, మీ కోసం. కమిటీతో ఒక కాగితం రాయించుకోండి. పండగ తర్వాత పని ఎవరిది, ఎవరు విప్పుతారు, ఫొటోల్లో మీ పేరు వేస్తారా లేదా. మన కాపీరైటు చట్టం 57వ సెక్షను కళాకారుడి పేరునూ పనినీ కాపాడుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడబీకి స్టోరులో పడేశారు. ఆయన పోరాడితే 2005లో హైకోర్టు 5 లక్షల పరిహారమిచ్చి, మిగిలిన ముక్కలు ఆయనకు అప్పగించమంది. అంతకాలం ఎవరూ కోర్టుల చుట్టూ తిరగకూడదు కాబట్టి, ముందే కాగితం.

రెండోబెంచి · రాయగడ

ముఖం చోట కన్నం పెట్టి, వచ్చినవాళ్లు తల పెట్టి ఫొటో దిగితే?

మట్టిచేతులు · బరంపురం

అది ఎగ్జిబిషన్లలో ఉంది కదా సార్. మళ్లీ అందరూ ముందు వైపే గుమిగూడతారు.

రింగుమిషను · ఇచ్ఛాపురం

నాది ఫ్లెక్సు షాపు. పాతబ్రష్షు గారి పని పోగొట్టింది మా మిషన్లే, ఆయన రాసింది రెండుసార్లు చదివాను. ఒక ఉపాయం చెబుతాను, పనికొస్తే వాడండి.

కొత్త ప్రింటు వెయ్యకండి. పాత ఫ్లెక్సులు తీసుకోండి. పుట్టినరోజులు, రిలీజులు, ఎన్నికలు, వర్ధంతులు, అన్నీ దొరుకుతాయి. పని అయిపోయాక ఎలాగూ పశువుల పాకల మీద, గడ్డివాముల మీద కప్పుకుంటారు. వాటిని తిరగేసి కుట్టండి. మామూలు ఫ్రంట్‌లిట్ (ముందు నుంచి లైటు వేసే రకం) ఫ్లెక్సు వెనక తెల్లగా ఉంటుంది. పగలు మీ హీరో తెల్లగా, ముఖం లేకుండా, ఆకారం మాత్రమే ఉంటాడు. రాత్రి వెనక నుంచి ఫోకస్ లైటు వేస్తే పల్చటి ఫ్లెక్సులోంచి లోపలి ప్రింటు బయటికి తేలుతుంది. అన్ని ముఖాలూ తిరగబడి, ఒకదాని పక్కన ఒకటి. మీ కర్రల కట్టు నీడ కూడా దాని మీదే పడుతుంది. బ్లాక్‌బ్యాక్ రకం మాత్రం వద్దు, దాంట్లోంచి వెలుగు రాదు. కొనేముందు ఎండకు ఎత్తి చూసుకోండి.

లైటు ఫ్లెక్సుకు దూరంగా ఉండాలి. ఎల్ఈడీయే వాడండి. హ్యాలోజన్ వేడికి ఫ్లెక్సు మెత్తబడుతుంది.

కనకాంబరం · గుణుపురం

ఇది అద్భుతం! మీకు దండం!

ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే బరంపురానికి ఇది ఎంత తగినదో చెప్పక తప్పదు. రెండేళ్లకోసారి అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వచ్చినన్నాళ్లూ మొక్కున్నవాళ్లు వేషాలు కట్టి తిరుగుతారు. పులి వేషం కట్టినవాడు మామూలప్పుడు మన వీధిలో కూరగాయలమ్మే మనిషే. కానీ రంగు పడ్డాక ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆంధ్ర నుంచి వచ్చిన నేతవాళ్లు మొదలుపెట్టిన పండగ అది. ఒక ఒంటి మీద ఇంకొకరు రావడం ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు.

పాతబ్రష్షు · పర్లాకిమిడి

ఉపాయం బాగుంది. కానీ నేను అన్నదానికి జవాబు కాలేదు. ఆ తేలే ముఖాలన్నీ మిషను ముఖాలే. చేత్తో గీసినది ఒక్కటీ లేదు. వెనక ఉన్న మనుషుల కోసం అంటున్నారు, ఆ మనుషుల చెయ్యి ఎక్కడుంది?

రింగుమిషను · ఇచ్ఛాపురం

మీరన్నది నిజం. నా దగ్గర దానికి సమాధానం లేదండీ.

మట్టిచేతులు · బరంపురం

రెండు రోజులు కర్రలవాళ్ల దగ్గర, కమిటీ దగ్గర తిరిగి ఇప్పుడు కూర్చున్నాను.

తిరగేసిన ఫ్లెక్సులే వాడతాను. ఆకారం తొడ కొట్టే భంగిమ. ఎత్తు ఇరవై నుంచి పదహారు అడుగులకు తగ్గించాను, లోడులెక్క గారూ. నిలువు కర్రలు ఆరు, అడ్డకర్రలు అడుగున్నరకొకటి. ఫ్లెక్సు రింగుల్లోంచి తాడు అల్లి కడతాం, దించడానికి ఒక్క ముడి విప్పితే చాలు. మా ఊరి ఐటీఐలో పిల్లలు తుక్కు ఇనుముతో శిల్పాలు చేసి పార్కులో పెట్టారు, చూసే ఉంటారు. కింద పాదానికి అలాంటి తుక్కు ఇనుమే బరువుగా వేస్తాను.

బాబాయ్ గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి అడగాలనుకుంటున్నాను. వెనక, కర్రల మధ్య, మనిషి కళ్ల ఎత్తున నాలుగడుగుల ప్లై పలక ఒకటి పెడతాను. దాని మీద మీరు ఒక ముఖం గీస్తారా? హీరోది కాదు. మీతో తల పలక ఎత్తిన కుర్రాళ్లలో మీకు గుర్తున్న ఒకరిది. నీలం నీడతో, పాత పద్ధతిలోనే. కింద మీ సంతకం, ఒడియాలోనూ తెలుగులోనూ. రంగులూ రానుపోను ఖర్చూ కమిటీ ఇస్తుంది, నల్లకోటు గారు చెప్పిన కాగితంలోనే మీ పేరూ రాయించాను.

పాతబ్రష్షు · పర్లాకిమిడి

నాలుగడుగులంటే దగ్గర నుంచి చూసే బొమ్మ. దానికి నీలం పనికిరాదు, మచ్చలా కనిపిస్తుంది. మట్టిరంగు నీడ వెయ్యాలి. ప్లై ఆరు మిల్లీమీటర్లది వద్దు, వానకు వంకర పోతుంది, పన్నెండుది తీసుకో. ముందు రెండు చేతులు ప్రైమరు కొట్టి ఆరబెట్టి ఉంచు. లిన్‌సీడ్ ఆయిలు నేనే తెస్తాను, అక్కడ దొరికేది నమ్మను.

ముఖం లేని హీరో సంగతి నాకు ఇంకా నచ్చలేదు. వచ్చి చూశాక చెబుతాను.

లోడులెక్క · బరంపురం

పదహారు అడుగులు మంచి నిర్ణయం. కట్టే రోజు నేను వస్తాను. నేను చూసేదాకా ఎవర్నీ పైకి ఎక్కించకండి.

మట్టిచేతులు · బరంపురం

తప్పకుండా సార్. ఇక అందరికీ ఒక విన్నపం. మీ ఊళ్లలో పాత ఫ్లెక్సులుంటే పంపండి. ప్రింటు ఎవరిదైనా, ఏ భాషదైనా పర్వాలేదు. వర్ధంతివి మాత్రం ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే తీసుకోండి.

రింగుమిషను · ఇచ్ఛాపురం

నా దగ్గర పాతవి పది దాకా ఉన్నాయి, ఎండకు ఎత్తి చూసి పల్చటివి వేరు చేస్తాను. బరంపురం వెళ్లే ఆటోలో వేసి పంపుతాను. రింగులు పీకకుండా మడవమని మిగతావాళ్లకూ చెప్పండి, అంచులు చిరిగితే కుట్టు నిలవదు.